మన్యపు గఢములు – బొబ్బిలి పాతకోట కట్టడము

కొట్పాడ్ పరగణాకు పూర్వము అయిదు గఢములని లెక్క. కొట్పాడ్, చురుచుండ, పొడాగఢ్, ఉమర్‌కోట్, రాయగఢ్ అనునవి ఆ అయిదు. ఈ రాయగఢ్ నేటి రాయగడ పట్టణము కాదు. ఉమర్‌కోటునకు ఉత్తరమున నున్న వేఱొక ఊరు. బస్తరు రాజైన దర్యావుదేవుడు అన్నదమ్ముల కలహములో రాజ్యము పోగొట్టుకొని జయపురపు రాజగు విక్రమదేవుని శరణుజొచ్చెను. అతని తోడ్పాటుతో మరల గద్దె నెక్కిన పిమ్మట అందులకు ప్రతిఫలముగా ఈ గఢములను జయపురమునకు విడిచిపెట్టెను. ఇది 1778 నాటి కొట్పాడ్ ఒడంబడిక కాలపు మాట. ఆ మీదట పరగణా మాది యన్న మాది యని బస్తరు వారును జయపురము వారును ఎనుబది యేండ్లకు పైగా పెనుగులాడిరి. తుదకది జయపురమునకే నిలిచినది.

గఢమనగా కోట. ఆ కోట చెప్పుచేతలలో నున్న పల్లెల సముదాయమునకును అదియే పేరు. కాలక్రమమున రెండవ యర్థమే నిలిచి మొదటిది మఱపునకు వచ్చినది. పొడాగఢ్‌లో నలవంశపు రాజగు స్కందవర్మ వేయించిన శిలాశాసనము దొరికినది. శత్రువుల వలన పాడుపడిన పుష్కరీ నగరమును మరల జనముతో నింపితినని అతడు అందు చెప్పుకొన్నాడు. అది క్రీస్తు శకము అయిదవ శతాబ్ది నాటిది. రాతిపై చెక్కిన అక్షరములు పదునైదువందల యేండ్లు నిలిచినవి. దాని తరువాత వేయి సంవత్సరములకు పుట్టిన గఢముల రూపురేఖలు మాత్రము ఊరి పేళ్ళలో తప్ప కానరావు. కారణము సులభముగా ఊహింపవచ్చును. మన్యపు దొరల కోటలలో పెక్కు మట్టికోటలు. రాయి వ్రాతను దాచును. మన్ను తన్ను తానే దాచుకొనును.

అట్టి కోట ఎట్లుండెడిదో తెలిసికొనుటకు మనకు ఒక్క బొబ్బిలి మాత్రము పూర్తిగా ఉపకరించుచున్నది. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్ర మేర్పడు వఱకు కొట్పాడును బొబ్బిలియు విశాఖపట్టణము జిల్లాలోనివే. రాయగడ నుండి విజయనగరమునకు పోవు రైలుదారిలో నేటికిని బొబ్బిలి మన పొరుగూరే. ఆ కోట కట్టడమును గూర్చి కంపెనీ చరిత్రకారుడైన రాబర్టు ఓర్మ్ తన గ్రంథపు రెండవ సంపుటములో సవిస్తరముగా వ్రాసెను. ఆ సంపుటము అచ్చయినది కూడ 1778లోనే.

ఓర్మ్ కంటితో చూచి వ్రాసినవాడు కాడు. యుద్ధకాలమున ఆయన చెన్నపట్టణమున కంపెనీ కౌన్సిలు సభ్యుడు. చూచినవారి మాటలను సేకరించి వ్రాసెను. పైగా ఆయన మొదట ఈ సీమల దొరల కోటలన్నిటికి సామాన్యమగు నమూనాను చెప్పి, బొబ్బిలి రక్షణలును ఇట్టివే యని ముగించెను. కావున ఆ కొలతలు ఒక్క బొబ్బిలినే తాడుపెట్టి కొలిచినవి కావు; ఒక జాతి కోటల కొలతలు. మన కది నష్టము కాదు, లాభమే. బొబ్బిలి అను నెపమున ఈ ప్రాంతపు గఢములన్నిటిని గూర్చి ఆయన మనకు చెప్పినట్లయినది.

బొబ్బిలి వంశమునకు మూలపురుషుడు పెద్దరాయుడు. వెంకటగిరి వెలమదొరల సంబంధి. 1652లో శ్రీకాకుళపు ఫౌజుదారు షేర్ మహమ్మదుఖాను వెంట ఈ సీమకు వచ్చెనని చెప్పుదురు. అతని తరువాతి లింగప్ప ఇచ్చట కోట కట్టి, తమ ప్రభువు పేరిటి ‘షేర్’ అను మాటకు తెలుగు చేసి పెద్దపులి యని ఊరికి పేరు పెట్టెననియు, అదియే బొబ్బిలి యైనదనియు వంశకథ. ఈ నామవ్యుత్పత్తిని భాషాశాస్త్రజ్ఞులకు విడిచిపెట్టి మనము కోటలోనికి పోదము.

కోట నలుచదరము. ఒక్కొక్క ప్రక్క రెండువందల గజములకు మించుట అరుదు. అనగా లోపలి చోటు సుమారు ఎనిమిది యెకరములు. నాలుగు మూలల నాలుగు పెద్ద గుండ్రని బురుజులు. ఒక్కొక్క ప్రక్క నడుమ ముందునకు పొడుచుకొనివచ్చిన చదరపు కట్టు ఒకటి. వెలుపలి నుండి చూచినచో గోడ యెత్తు 22 అడుగులు. లోపలివైపు మనుష్యులు నిలిచి పోరాడు మట్టికట్ట మాత్రము 12 అడుగుల యెత్తు. పైభాగమున దాని వెడల్పు కూడ 12 అడుగులే. అడుగుభాగమున ఇంకను వెడల్పు. తక్కిన పదియడుగులు ఆ కట్టపై లేచిన పిట్టగోడ. దాని మందము మూడడుగులు. పండ్రెండడుగుల కట్టపై మూడడుగుల పలుచని గోడ నిలిచియుండెనన్న యీ సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను. ముందునకు దీనితో పని యున్నది.

కట్టు విధానము మన పల్లెలలో మట్టియిండ్లు పెట్టిన వారెవ్వరికైనను తెలిసినదే. మన్ను నానవేసి, అడుసు త్రొక్కి, ఒక వరుస పెట్టుదురు. అది ఎండకు బాగుగా గట్టిపడిన పిదప గాని రెండవ వరుస పెట్టరు. 22 అడుగుల గోడ ఈ విధముగా లేచుటకు ఎన్ని యెండలు కావలెనో తాపీపనివారు లెక్కవేయగలరు. వానకాలమున ఈ పని సాగదు. త్వరపడి కట్టిన కోట నిలువదు. కావున ఇట్టి కోట ఉన్నదనగా ఆ దొర కొన్ని యేండ్లపాటు శాంతముగా ఒకచోట నిలిచి, జనమును కూర్చి, పని చేయించుకొనెనని అర్థము.

ఎండిన మట్టిగోడకు తుపాకిరంధ్రము తొలుచుట సాధ్యము కాదు. తొలిచినచో అంచులు విరిగి రాలును. దీనికి వారు కనిపెట్టిన ఉపాయము నన్ను మిక్కిలి ఆశ్చర్యపఱచినది. కుమ్మరి కాల్చిన మట్టిగొట్టములను వరుస పెట్టునప్పుడే గోడలో అడ్డముగా ఇమిడ్చెడివారు. పిట్టగోడలో ఇట్టి రంధ్రములు ఒకదానిపై నొకటి మూడు వరుసలు; తుపాకికి, బాణమునకు, బల్లెమునకు కూడ అవియే త్రోవలు. వానిపైన మూడు నాలుగడుగుల కొకటి చొప్పున, గోడ కొన నుండి అయిదడుగుల లోతున, ఆఱంగుళముల వెడల్పు గల సందులు. సందునకును సందునకును నడుమ మిగిలిన భాగమే మనవారు కోటకొమ్మ యనునది. కుమ్మరియు మట్టిపనివాడును కలసి రాతిపనివాని అవసరము లేకుండ చేసిరి.

వాకిళ్ళు రెండు, ఎదురెదురు ప్రక్కల నడిమి చదరపు కట్టులలో. వాకిలి ముందువైపున లేదు. కట్టు ప్రక్కనుండి ప్రవేశించి, మట్టిదిమ్మె సగము వఱకు నడచి, అక్కడ మూలమట్టముగా తిరిగి లోనికి పోవలెను. ఏనుగుతో ఢీకొట్టింపను, ఫిరంగిని సూటిగా పెట్టను ఇట్టి వాకిలి ఎడమీయదు. అపాయము తోచిన వెంటనే ఆ నడవనంతయు చెట్లు నఱికి కుక్కివేసి, వెలుపల కొంతదూరము ముండ్లకంప దట్టముగా పఱచెడివారు. తలుపు బలము తలుపులో లేదు. తలుపే లేకుండ చేయుటలో నున్నది.

కట్టపైనను పిట్టగోడపైనను పొడవునను గుంజలపై పూరికప్పు. దాని చూరు కోటకొమ్మలను దాటి వెలుపలికి వచ్చి, మనిషి దూరుటకు కూడ కష్టమగునంత క్రిందికి వ్రాలియుండెడిది. ఈ కప్పు కావలివారికి ఎండవానల నుండి నీడ. అంతకంటె ముఖ్యముగా అది గోడకు గొడుగు. ఎండి గట్టిపడిన మట్టికి ఫిరంగి కంటె వాన పెద్ద శత్రువు. కప్పు ఉన్నంతకాలము గోడ ఉండును.

కోట చుట్టును అయిదువందల గజములకు తక్కువ కాకుండ నేలనంతయు చదును చేసి ఉంచెడివారు. ఆ బయలునకు ఆవల మూడు నుండి అయిదు మైళ్ళ మందమున అడవి. దానిని నఱకనీయక దట్టముగా పెంచుటయు కోటపనిలో భాగమే. అడవిలో ఒక్కటే బాట. ముగ్గురు మాత్రమే సరసన నడువవచ్చును. అది తిన్నగా పోదు, మెలికలు తిరుగుచుండును. బాట మొదట కోటగోడవంటి గోడయే యొకటి, రెండు కొనల బురుజులతోను నడిమి వాకిలితోను. దానిని అడవి అంచున కట్టక, కొంత లోనికి చెట్లు కొట్టి ఆ గూటిలో కట్టుట వారి నేర్పు. దారి పొడవునను ఇట్టి అడ్డుగోడలు, పొదలలో దాగిన మాటుకట్టలు. విజయనగరపు పూసపాటి ప్రభువులు 1713లో కట్టించుకొన్న రాతికోటను చూచిన వారు బొబ్బిలి మట్టికోటను తక్కువగా తలంపవచ్చును. కాని అడవిని కూడ కోటలో చేర్చి కొలిచినచో ఏది పెద్దదో చెప్పుట సులభము కాదు.

ఇంతటి కోట 1757 జనవరి 24వ తేదీన ఎట్లు కూలినది? ఫ్రెంచి సేనాని బుస్సీ వెంట 750 మంది ఐరోపావారు ఉండిరి. వారిలో 250 మంది గుఱ్ఱపుదళము. బండ్లపై లాగుకొనిపోవు ఫిరంగులు నాలుగు. విజయనగరపు విజయరామరాజు తానే నడిపించుకొని వచ్చిన సేన 11,000. కోటలో రంగారావు, అతని బంధువర్గము. ఆయుధము పట్టినవారు 250 మంది. స్త్రీలును పిల్లలును దాదాపు అందులకు రెండింతలు. పూర్వులనాటి నేలను విడిచి వేఱొకచోట అంతకంటె పెద్ద భూములు తీసికొనుమని బుస్సీ చెప్పిపంపగా రంగారావు దానిని అవమానముగా నెంచి నిరాకరించెను. హైదర్‌జంగు దుబాసీతనమును, పొరుగు పగలును కథకులు విస్తరించి చెప్పినారు గనుక వాని జోలికి పోను. నేను చూడదలచినది గోడను.

మొదట అడవి ఓడినది. ఫిరంగులు బాట మొగదల నున్న అడ్డుగోడను కొట్టుచుండగా, కొందఱు గొడ్డండ్లతోను నిప్పుతోను ప్రక్కనున్న అడవిని తెగగొట్టుకొని వెనుకవైపునకు క్రొత్తదారి తీసిరి. వెనుకకు చిక్కుదుమని తెలిసి కావలివారు ఆ గోడను విడిచి తరువాతి దానికి పోయిరి. అయిదు మైళ్ళ బాటలో ప్రతి యడ్డుగోడ వద్దను ఇదియే జరిగినది. శత్రువు బాటలోనే నడచునను నమ్మకముపై కట్టిన కట్టడమది. బాట విడిచి నడచువానికి దానిలో జవాబు లేదు.

పిదప కోట. బుస్సీ సేనను నాలుగుగా పంచి ఒక్కొక్క బురుజునకు ఒక్కొక్క ఫిరంగిని పెట్టించెను. వాకిలిని ఢీకొన్నట్లు ఓర్మ్ కథనములో లేదు. వంకర వాకిలి తన పని తాను చేసినదనియే చెప్పవలెను. పూరికప్పునకు నిప్పంటుకొనునేమో యని లోనివారే దానిని ముందుగా లాగివేసిరి. తెల్లవాఱుజామున దెబ్బలు మొదలైనవి. తొమ్మిది గంటలకు కోటకొమ్మలు కొన్ని విరిగినవి. అంతట నాలుగు ప్రక్కల నిచ్చెనలు వేసిరి. గంటసేపు పెనుగులాడినను ఒక్కడును పిట్టగోడ దాటలేకపోయెను. అలసి ఆగిరి. ఫిరంగులు మఱికొంత పిట్టగోడను పడగొట్టినవి. మరల ఎక్కిరి. లోనివారు కొమ్మలపైకి లేచి నిలిచి, నిచ్చెన నెక్కివచ్చువానిని కౌగిలించుకొని నిచ్చెనతో కూడ క్రిందికి త్రోయజూచిరి. ప్రాణదానము చేసెదమని శత్రువులు మాటిమాటికి పిలిచినను వినలేదు. మధ్యాహ్నము రెండు గంటలగునప్పటికి కూడ కట్టపై శత్రువు కాలు మోపలేదు.

ఇచ్చట పాఠకులు ఆ కొలతలను మరల తలంపవలెను. ఫిరంగులు ఉదయము నుండి కొట్టి విరుగగొట్టినది మూడడుగుల పిట్టగోడను మాత్రమే. పండ్రెండడుగుల కట్టకు గండి పడినదని ఓర్మ్ ఎచ్చటను చెప్పలేదు. రాయి గుండు దెబ్బకు పగిలి చిట్లును. ఎండిన మన్ను గుండును తనలో దిగమ్రింగును. నాలుగు తేలిక ఫిరంగులకు ఆ కట్ట లొంగునది కాదు. కోట చుట్టుకొలత ఎనిమిదివందల గజములు. 250 మందిని దాని పొడవునను నిలిపినచో మనిషికి మనిషికి మూడు గజములకు పైబడిన యెడము. దాడి నాలుగు బురుజులపైననే జరిగినది గనుక వారు అచ్చటచ్చట గుంపుగూడి నిలువగలిగిరి. గోడయు మనుష్యులును ఒకరికొకరు చాలియుండిరి.

రెండు గంటల వేళ దాడి మరల ఆగినది. అప్పుడు రంగారావు ముఖ్యులను పిలిచి, ఇక కోట దక్కుట కల్ల యనియు, స్త్రీలను పిల్లలను పరుల చేత పడనీయరాదనియు నిశ్చయించెను. కొందఱు దివిటీలు, బల్లెములు, బాకులు చేతబట్టి కోటనడుమ నున్న ఇండ్లకు పోయిరి. ఇండ్లకు నిప్పు పెట్టి, మంట నుండి తప్పించుకొనజూచిన వారిని తమ చేతులతో పొడిచిరి. ఆ పని ముగించి చచ్చుటకు మరల గోడపైకి వచ్చిరి. ఆ మంటను చూచుచుండిన లా అను ఫ్రెంచి నాయకుడు గోడపై మనుష్యులు పలుచబడుట కనిపెట్టి మరల నిచ్చెనలు వేయించెను. పెక్కు నిచ్చెనలు పడిపోయిన పిదప కొందఱు సైనికులు ఒక బురుజుపై కాలు నిలుపుకొనిరి. దానిని కాపాడుటకు పరుగెత్తివచ్చిన రంగారావు తుపాకిగుండు తగిలి పడిపోయెను.

కోట పట్టుబడినది లోనివారు గోడను విడిచి ఇండ్లవైపు తిరిగిన పిదపనే. ఇది నా మతము. గోడ పగిలి శత్రువు రాలేదు. గోడ ఖాళీ అయి వచ్చినాడు. ఇంక కొన్ని గంటలు నిలిచియుండిన ఏమగునో చెప్పబూనుట చరిత్ర కాదు. కాని కట్టడమునందలి లోప మొకటి చెప్పవచ్చును. ఆ కోట వంశమునకంతకు కడపటి శరణ్యముగా కట్టబడినది. అందుచేతనే దానికి లోపల రెండవ కోట లేదు. గోడ నుండి ఇంటికి నడుమ మఱియొక అడ్డు లేదు. బురుజుపై నున్నవానికి వెనుదిరిగి చూచినచో తన యిల్లే కనబడుచుండెను. అడవియును బాటయును శత్రువు చేతిలో నుండగా బయటికి త్రోవ లేదు. రక్షణకై కూర్చిన ప్రతి యుపాయమును ఆ దినము బోనుగా మాఱినది.

మూడవనాటి రాత్రి రంగారావు మనుష్యులు విజయరామరాజును గుడారములో పొడిచి చంపిరి. మన సంప్రదాయము ఆ పనిని తాండ్ర పాపారాయునికి చెప్పుచున్నది.

వంశమునకు ఒక చిన్న గట్టికోట కట్టుకొనుట మన మన్యపు దొరలకే చెల్లినది కాదు. ఐర్లండు దేశమున పదునైదవ శతాబ్ది మొదలు పదునేడవ శతాబ్ది వఱకు అచ్చటి వంశనాయకులు బురుజుటిండ్లు వేలకొలది కట్టుకొనిరి. 1429లో ఇంగ్లండు ప్రభుత్వము అందలి కొన్ని జిల్లాలలో, 20 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు, 40 అడుగుల ఎత్తు గల బురుజు కట్టుకొన్నవానికి పది పౌనుల సాయమిచ్చుటకు శాసనము చేసెను. ఆ యిండ్లు సున్నపు రాతికట్టడములు. గదిపై గది, ఇఱుకైన మెలికమెట్లు, వాకిలి నడవకు నడినెత్తిన పైనుండి చంపుటకై విడిచిన రంధ్రము, చుట్టును ఒక ప్రహరి. మనవారు వాకిలిని వంచి చేసిన పనిని వారు నడవ కప్పునకు రంధ్రము పెట్టి చేసిరి. వారి యిల్లు నిలువునకు పెరిగినది. మనది అడవిలోనికి అడ్డముగా పెరిగినది. మనవారికి బుస్సీ వలెనే వారికిని ఫిరంగులతో 1649లో క్రామ్వెల్ వచ్చెను. వారి గోడలు నేటికిని మొండిగోడలుగ పొలములలో నిలిచి, చూపరులకు వంశముల కథ చెప్పుచున్నవి. బొబ్బిలి యుద్ధమైన మరుసటి యేడు బుస్సీని ఈ సీమ నుండి వెనుకకు పిలిపించిన లాలీ ప్రభువు తండ్రిది ఆ ఐర్లండే యనుట ఒక వింత.

మన కోటకు రాయి లేదు గాని మాట యున్నది. దిట్టకవి నారాయణకవి రంగరాయచరిత్రము వ్రాసెను. జంగము కథకులు తంబుర మీటి బొబ్బిలికథను ఊరూర పాడిరి. వేదము వేంకటరాయశాస్త్రిగారు నాటకము చేసిరి. 1964లో చలనచిత్రము వచ్చినది. వీని పుణ్యమున మల్లమ్మను, పాపారాయుని ఎఱుగని తెలుగువాడు లేడు. కాని కోట బొమ్మ గీయుమని బడిలో పిల్లలకు చెప్పినచో అందఱును రాతికోటనే గీయుదురు. ఒక్కని బొమ్మలోనైనను పూరికప్పు కనబడదు. మట్టిగోడ యని చెప్పినచో కొందఱి ముఖము చిన్నబోవును. పదియడుగుల పిట్టగోడ చాటున నిలిచి 11,000 మందిని రెండు గంటల వఱకు ఆపినది మట్టిగోడ యని చెప్పిన పిదప ఆ ముఖములు వికసించుటయు నేను చూచినాను.

పాతకోట స్థలమున 1891లో బొబ్బిలి మహారాజు వేంకటశ్వేతాచలపతి రంగారావుగారు స్మారకస్తంభమును నిలిపించిరి. మన జయపురము కోట సంగతి వేఱు. 1775లో కెప్టెన్ మాథ్యూస్ నాయకత్వమున వచ్చిన కంపెనీ సేన దానిని పట్టుకొని పడగొట్టినది. మన గఢములలో తక్కినవానిని ఏ సేనయు ప్రత్యేకముగా పడగొట్టనక్కఱలేదు. కాపురము లేని కోటకు ఏటేట పూరి నేయువారుండరు. కప్పు పోయిన మట్టిగోడపై కోరాపుట్టు సీమ వాన సుమారు అఱువది అంగుళములు ప్రతి యేడును పడును. మొదట కొమ్మలు, తరువాత పిట్టగోడ, పిదప కట్ట. బురుజులు దిబ్బలగును; దిబ్బలు చేలగును.

ఉమర్‌కోట్, పొడాగఢ్, రాయగఢ్ 1992లో ఏర్పడిన నవరంగపురము జిల్లాలో చేరినవి. కొట్పాడ్ కోరాపుట్టులోనే యున్నది. ఈ వైపుల పొలములలో నలుచదరముగ లేచిన దిబ్బ కనబడి, దాని మూలలు గుండ్రముగా ఉబ్బియుండి, ప్రక్క నడుమ చదరపు గుట్ట యొకటి ముందునకు వచ్చియున్నచో అచ్చట ఒక్క నిమిషము నిలిచి చూడవలెను. నాగటికి తగిలి పైకి వచ్చు పెంకులలో రెండు కొనలును తెఱచియున్న మట్టిగొట్టపు ముక్క దొరికినచో అది కుండపెంకు కాకపోవచ్చును.